బతు బస్తీలో గ్లౌజులు పంచిన ఆదివారం

ఈ ప్రయాణానికి కారణం ఒక క్యాచ్. నేను పట్టింది కాదు, చూసింది కూడా కాదు. మా బావ ధర్మారావు పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫోనులో పంపిన వాయిస్ మెసేజిలో విన్నది. నాలుగు నిమిషాల మెసేజి అది, మూడు నిమిషాలు అరుపులే. మిగిలిన నిమిషంలో నాకు అర్థమైనది ఇంతే: వాళ్ల పేట బతు బస్తీ జట్టు బేస్‌బాల్ కప్పు గెలిచింది. బావ ఆ జట్టులో క్యాచర్. క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడనుకోండి, కాకపోతే ముఖానికి ఇనప జాలీ కట్టుకుని గొంతుక్కూర్చుంటాడు.

నెలన్నర గడిచినా మెసేజిలు ఆగలేదు. గెలిచినవాళ్లు ఒక వారంలో మామూలు మనుషులవుతారని నా అంచనా. తప్పింది. ఏప్రిల్ మొదట్లో మా మేనత్త పైడమ్మ, అంటే ధర్మ తల్లి, తనే ఫోను చేసింది. "ఒరే, వానలు దిగకముందే ఓసారి రారా. గ్లౌజులు పంచుతాం. ఒచ్చీటప్పుడు సన్నటి తోలు తాడు ఓ పది మూరలు తే."

గ్లౌజులు పంచడమేమిటో, దానికి నేనెందుకో ఆవిడ చెప్పలేదు. నాకు ఉద్యోగం లేదన్న సంగతి మాత్రం చుట్టాలందరికీ తెలుసు.

విశాఖపట్నం నుంచి ఓడ నెలకు ఒకటి, అదీ మనసైతే. బుధవారం మధ్యాహ్నం రెండింటికి రేవులో ఉండమన్నారు, ఉన్నాను. ఓడ సాయంత్రం ఏడింటికి కదిలింది. ఆ ఐదు గంటలూ క్యూలో నిలబడి, నా ముందున్నాయన గోనెసంచిలో ఏముందో ఊహించాను. ఉల్లిపాయలు. బంకు టికెట్ మూడు వేల లోపే. పెద్ద హాలు, ఒకదాని మీద ఒకటి ఇనప మంచాలు, పైమంచం దొరికినవాడికి ఫ్యాను దగ్గర, కిందమంచం దొరికినవాడికి బాత్రూము దగ్గర. నాకు మధ్య వరసలో కింద దొరికింది, రెండూ దూరమే. దుప్పటి, చెంబు, తాళం వెంట తీసుకెళ్లండి. సముద్రం గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, నీళ్లు చాలా ఉన్నాయి.

గురువారం ఉదయం ఏడింటికి క్యాంటీన్‌లో పూరీల వరసలో ఉండగా నా వెనకున్న పెద్దాయన నా సంచీలోంచి వేలాడుతున్న తోలు తాడు చూసి, "ఇది బేస్‌బాల్ గ్లౌజుకి కదూ? బతు బస్తీకా?" అన్నారు. సముద్రం మధ్యలో ఆ ప్రశ్న అడిగే మనిషి ఉంటాడని నేననుకోలేదు. రమణమూర్తి మాస్టారు. ఇచ్ఛాపురం నుంచి ముప్ఫై ఏళ్ల క్రితం బడి ఉద్యోగానికి వచ్చి, గరాచర్మలో ఇల్లు కట్టుకుని అక్కడివారైపోయారు. గరాచర్మ అంటే ఊరి చివర కొత్త ఇళ్లు లేస్తున్న పేట. ఫైనల్‌లో ఓడిపోయిన జట్టు వాళ్లదే.

పూరీ చల్లారేదాకా ఆయన నాకు మొత్తం చెప్పారు. ఎప్పుడో ఒక డ్రిల్లు మాస్టారు బడిపిల్లలకు నేర్పిన ఆట, ఆ పిల్లలు పెద్దవాళ్లై పేటకొక జట్టు పెట్టుకున్నారు. మొత్తం నాలుగు జట్లు. ఆట జనవరిలో మొదలై మార్చి లోపల అయిపోతుంది. ఆ తర్వాత వాన.

"పడవ రూలు తెలుసా మీకు?" అన్నారు.

తెలియదన్నాను.

"ఆటగాళ్లలో సగం మందికి సముద్రంతోనే పని. మ్యాచ్ మధ్యలో పడవొచ్చిందని ఫోనొస్తే వెళ్లిపోవచ్చు. చేప ఆగదు కదండీ. కానీ వెళ్లినవాడి చోట ఇంకొకణ్ణి పెట్టకూడదు. ఆ చోటు ఖాళీ. అన్ని జట్లూ ఒప్పుకున్నదే, బస్."

ఫైనల్ ఆఖరి ఇన్నింగ్స్‌లో జరిగింది అదే. బతు బస్తీ ఒక్క పరుగు ముందుంది. కుడివైపు దూరంగా కాపలా ఉండే బంగారికి వాళ్ల మామ పడవ నుంచి ఫోనొచ్చింది. గ్లౌజు గట్టున పడేసి వెళ్లిపోయాడు. ఇక గరాచర్మవాళ్లు బంతిని కుడివైపు కొడితే చాలు, అక్కడ గడ్డి తప్ప ఎవరూ లేరు. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. బతు బస్తీ పిచర్ సింహాచలం, ఎడమచేతివాటం. ఇద్దర్ని బంతి తగలనీయకుండా అవుట్ చేశాడు. ముగ్గురు అవుటైతే ఆట అయిపోయినట్టే. మూడోవాడు కొట్టాడు. కుడివైపే, పైకి. సింహాచలం తను విసిరిన చోటు నుంచి తనే వెనక్కి తిరిగి పరిగెత్తి పట్టుకున్నాడు. కప్పు వాళ్లదైపోయింది.

"ఎంత దూరం పరిగెత్తాడండీ?"

"పదడుగులు," అన్నారు మాస్టారు నిర్లిప్తంగా. "ఎవరైనా పట్టేదే."

శుక్రవారం సాయంత్రం డెక్ మీద టీ తాగుతూ గొంతు తగ్గించారు. "మీకొక మాట చెబుతాను, మీ బావకు చెప్పకండి. వచ్చే సీజన్‌కి ఆ సింహాచలం మావాడే. మా జట్టుకు డబ్బు పెట్టే హార్డ్‌వేర్ షాపాయన పర్మినెంటు పని ఇస్తున్నాడు, షాపు మీద గది కూడా. పాపం ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీలో రోజుకూలీ. ఎన్నాళ్లు మోస్తాడు?"

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఫోనుకు సిగ్నలు లేదు కాబట్టి మాట నిలబెట్టుకోవడం సులువైంది.

శనివారం ఉదయం ఆరున్నరకు హడ్డో రేవులో దిగాను. ఊరికి ఇప్పుడు శ్రీ విజయపురమని పేరు. బోర్డులు మారాయి, నోళ్లు ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నాయి. ఆరున్నరకే ఎండ మన తొమ్మిదింటి ఎండలా ఉంది. ఆటో ఎక్కి బతు బస్తీ అనగానే బెంగాలీ డ్రైవరు అద్దంలోంచి చూసి, "భయ్యా, వో క్యాచ్ సునా? లడ్కా దీవార్ తక్ దౌడా," అన్నాడు. కుర్రాడు గోడ దాకా పరిగెత్తాడట. మాస్టారి పదడుగులు రేవు దాటగానే గోడ దాకా పెరిగాయి. రెండు వందలు తీసుకున్నాడు. కథకు వేరే తీసుకోలేదు.

అత్తయ్య ఇంట్లో ఇడ్లీ, రాత్రి మిగిలిన చేపల పులుసు. కాంబినేషన్‌ను అనుమానించకండి. అత్తయ్య చేపలమ్ముతుంది, జట్టుకు పెద్ద దిక్కు కూడా. నాలుగేళ్లుగా ఒక్క మ్యాచ్ మానలేదు, ఆట రూల్సు ఒక్కటీ నేర్చుకోలేదు. గరిటె చేత్తో పట్టుకునే ఫైనల్ చూపించింది.

"బంతి అలగ ఆకాశంలోకి ఎల్లిపోనాది. సూరీడికి అడ్డం ఒచ్చింది. మన సింహాచలం ఎనక్కి తిరిగినాడు, పరిగెట్నాడు, పరిగెట్నాడు, చెప్పు ఊడిపోనాది, ఒగ్గేసినాడు, ఇంకా పరిగెట్నాడు..."

"నువ్వు ఎక్కడ కూచున్నావత్తా?"

"నానా? నాను జంగ్లీఘాట్‌లో ఉన్నాను. పడవొచ్చింది కదరా, చేప కొనద్దేటి?"

మ్యాచ్ ఆఖర్న చేపలమ్మేవాళ్లంతా లేచి రేవుకు వెళ్లిపోయారని మాస్టారు చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బతు బస్తీలో ఆ క్యాచ్‌ను బాగా వర్ణించేవాళ్లలో ఎక్కువమంది చూడనివాళ్లే. ఆ మాటే అంటే అత్తయ్య గరిటె దించింది. "చూసినోళ్లు చూసిందే సెప్తారు. ఆళ్ల కాడేటుంటాది?"

ఎనిమిదింటికి బావ నన్ను స్కూటర్ మీద గ్రౌండుకు తీసుకెళ్లాడు. బావకు ముప్ఫై నాలుగు. కరెంటు పని చేస్తాడు. ఎడమ చేతి చూపుడు వేలు కొద్దిగా వంకర, నాలుగేళ్లు సింహాచలం బంతులు పట్టినందుకు. ఖాళీ గ్రౌండులో నాలుగు మేకలు ఫీల్డింగ్ చేస్తున్నాయి. సింహాచలం ఎక్కడ నిలబడ్డాడో, ఎక్కడ పట్టాడో బావ చూపించాడు. నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఇరవై ఏడు.

"కొలిసేసినావా?" అన్నాడు బావ.

"ఇరవై ఏడు."

"మంచిది. ఎవరికీ సెప్పకు."

ఈ ఊళ్లో నాకు అప్పగించిన రహస్యాల సంఖ్య రెండుకు చేరింది.

మధ్యాహ్నం మూడింటికి జంగ్లీఘాట్ రేవు పక్కనున్న ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాం. ఫైనల్ వీరుడు అక్కడ రబ్బరు బూట్లతో, భుజం మీద తడి గోనెపట్టా వేసుకుని ఐసు దిమ్మలు లాగుతున్నాడు. సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి, ఇరవై ఆరేళ్లుంటాయి. కొక్కెం ఎడమచేత్తోనే పట్టాడు. నన్ను చూసి నవ్వి, "ఓడలో కక్కినావా భయ్యా?" అన్నాడు. ఒకసారి అన్నాను. "అంతేనా," అన్నాడు నిరాశగా.

బంగారి కూడా అక్కడే ఉన్నాడు, చేపల బుట్టలకు ఐసు కొట్టించుకుంటూ. ఆఖర్లో గ్లౌజు పడేసి పోయినవాడు ఇతనే అని బావ పరిచయం చేశాడు. బంగారి ఏమీ సిగ్గుపడలేదు. "నాను ఎల్లకపోతే ఈడికి ఇంత పేరొచ్చునా? సెప్పండి. ఆ క్యాచ్ నా కాళ్ల కాడే పడీది. నాను పట్టుంటే ఏ పేపరోడైనా అడుగునా?"

పేపరువాళ్లెవరూ ఇప్పుడు కూడా అడగలేదని నేను అనలేదు.

వెళ్లేముందు బావ, నేల చూస్తూ, "రేపొత్తావు కదా?" అన్నాడు. సింహాచలం దిమ్మ లాగుతూనే, "ఒత్తాను," అన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అరవై అడుగుల దూరం నుంచి కంటిచూపుతో మాట్లాడుకునే ఇద్దరు, ఆరడుగుల్లో చూసుకోలేకపోయారు.

తిరుగుదారిలో నేను మాస్టారికిచ్చిన మాటతో తిప్పలు పడుతుంటే బావే అన్నాడు, "గరాచర్మ సంగతి నాకు తెలుసులే బావా. బస్తీ మొత్తానికి తెలుసు."

"మరి అడగవేం?"

"ఏటని అడుగుతాను? ఉండిపోమనా? ఐసు మోస్తే నలభై ఏళ్లకి నడుం పోద్ది. మా నాన్నకి అలగే పోనాది. ఎల్లమనా? ఆడెల్లిపోతే నా పనీ అయిపోనట్టే. కొత్తోణ్ణి తయారుసేసి, ఆడి బాలు నా చేతికి అలవాటయ్యేసరికి నాకు నలభై. ఆడే సెప్తాడని చూస్తన్నాను. రేపు గ్లౌజు ఇచ్చీకాడ తెలిసిపోద్ది."

గ్లౌజులు పంచడమేమిటో అప్పుడు చెప్పాడు. ఇక్కడ మేలో మొదలైన వాన డిసెంబరు దాకా వదలదు. తోలు వస్తువేదైనా మూల పెడితే పది రోజుల్లో తెల్లగా బూజు పట్టి, నెలలో నాచు మొలుస్తుంది. మొదటి ఏడాది తొమ్మిది గ్లౌజులూ ఒక ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశారు. జనవరిలో తెరిస్తే పెట్టె బాగుంది. అప్పటినుంచి ఇంటికొక గ్లౌజు ఇస్తున్నారు. తీసుకున్నవాళ్లు నూనె రాసి, ఎండ కనబడిన రోజు ఎండలో పెట్టి, మిగతా రోజులు ఫ్రిజ్ మీద వెచ్చగా ఉంచాలి. ఏ ఇంటికి ఎవరి గ్లౌజన్నది పరువు సమస్య. ఆటగాడు తన చేతులతో ఆ ఇంటివాళ్ల చేతిలో పెడతాడు. పెట్టాడంటే వచ్చే సీజన్‌కు ఉంటాడని అర్థం. పెట్టకుండా చాప మీద వదిలేశాడంటే వెళ్లిపోతున్నట్టు. నాలుగేళ్లుగా సింహాచలం గ్లౌజు మా అత్తయ్య ఇంట్లోనే.

ఆదివారం మూడున్నరకు బస్తీలో కొళాయి పక్కనున్న రేకుల షెడ్డులో చాపలు పరిచారు. ఇక్కడ ఐదున్నరకల్లా చీకటి పడుతుంది, పెద్ద పనులన్నీ ముందే కానిచ్చేస్తారు. ముప్ఫై కుటుంబాలదాకా వచ్చాయి. టీ, ఉల్లి పకోడీ. ముందు సీజన్ మొత్తం మళ్లీ ఆడారు, నోటితో. డాలీగంజ్ జట్టు చేతిలో ఓడిపోయిన మ్యాచ్‌లో తప్పెవరిదో ఇరవై నిమిషాలు తేల్చారు. తేలలేదు. పోయినేడు ఒక ఇంట్లో గ్లౌజు బొటనవేలు ఎలుక కొరికిన విషయం మళ్లీ వచ్చింది. ఆ ఇంటావిడ, "ఎలక కూడా మన టీమ్ ఫ్యానే," అంది. ఈసారి ఆవిడకు గ్లౌజు ఇవ్వలేదు. ఆ కొరికిన బొటనవేలు కుట్టడానికి నేను తెచ్చిన తోలు తాడులో నాలుగు మూరలు అక్కడికక్కడే ఖర్చయింది.

తర్వాత ఒక్కొక్కరే లేచి గ్లౌజులు ఇచ్చారు. బంతి లోపల పెట్టి, ఆకారం పోకుండా పాత వల దారంతో చుట్టి ముడివేసి, రెండు చేతులతో ఇస్తున్నారు. నాకు నవ్వొచ్చింది, కానీ ఎవరూ నవ్వడం లేదు కాబట్టి పకోడీ తిన్నాను. బంగారి ఇచ్చాడు. బావ తన లావుపాటి క్యాచర్ గ్లౌజు పక్కింటివాళ్లకు ఇచ్చాడు. ఎనిమిది అయ్యాయి.

సింహాచలం లేచాడు. బంతి పెట్టలేదు, దారం చుట్టలేదు. గ్లౌజు తీసుకొచ్చి చాప మధ్యలో పెట్టాడు.

"గరాచర్మ ఎల్తన్నాను," అన్నాడు. "షాపులో పని. పర్మినెంటు."

ఎవరో ముక్కు చీదారు. గరాచర్మకు బస్తీ నుంచి బస్సులో పావుగంట. అయినా ఆ షెడ్డులో మాత్రం అతను మళ్లీ కనబడని చోటికి వెళ్తున్నట్టే ఉంది.

అత్తయ్య అడిగింది, "ఆళ్లు గ్లౌజు ఇత్తారేటి?"

"కొత్తది తెప్పిత్తారంట."

"కొత్తది చెక్కలాగుంటాది. ఒంగడానికి ఏడాది. ఈ లోపల బంతి జారిపోద్ది. జారితే ఏటంటారు? బతు బస్తీలోనే బాగా ఆడీవోడు అంటారు." ఆవిడ చాప మధ్యకు జరిగి గ్లౌజు తీసుకుంది. "ఇది పట్టుకెల్లు."

"అది టీమ్‌ది," అన్నాడు బంగారి. "అందరం చందా ఏసుకున్నాం."

"అయితే నువ్వు తొడుక్కో."

బంగారి తొడుక్కోబోయాడు. ఎడమచేతివాటం వాడి గ్లౌజు కుడిచేతికి పడుతుంది. అతని ఎడమచేయి అందులో దూరలేదు. బస్తీ మొత్తంలో ఇంకో ఎడమచేతివాటం వాడు లేడు. త్యాగం అనుకున్నది కాస్తా పనికిరాని సరుకు వదిలించుకోవడంగా తేలడంతో అందరి ప్రాణం కొంచెం తేలికపడింది. బావ మాత్రం వల దారం ఉండ చుడుతూ కూర్చున్నాడు.

సింహాచలం గ్లౌజు చేతిలోకి తీసుకున్నాడు. వెళ్లిపోతాడనుకున్నాం. అక్కడే నిలబడి, "అక్కడ గది కొత్త సిమెంటు అత్తా. గోడలు చెమ్మ. ఫ్రిజ్జి లేదు," అన్నాడు.

అత్తయ్యకు అర్థం కాలేదో, అర్థమై కూర్చుందో తెలియదు.

"వానాకాలం ఎప్పట్లాగే నీ కాడే ఉంచు. జనవరిలో ఒచ్చి పట్టుకెల్తాను."

అంటే వచ్చే సీజన్‌లో మమ్మల్ని ఓడించబోయే గ్లౌజును ఏడెనిమిది నెలలు మేమే సాకాలి. ఈ మాట పైకి అన్నది నేను కాదు, ఎలక ఫ్యాను యజమానురాలు. ముప్ఫై కుటుంబాలూ అత్తయ్య వైపు చూశాయి.

"ఉంచుతాను," అంది అత్తయ్య. "నూనె తగ్గిత్తాను."

అప్పుడు నవ్వారు. బావ లేచి, జేబులోంచి బంతి తీసి గ్లౌజులో పెట్టాడు. సింహాచలం రెండు పక్కలా అదిమి పట్టుకున్నాడు. బావ దారం చుట్టాడు, మామూలుగా రెండు ముడులు వేసేచోట ఐదు వేశాడు.

"ఇన్నేటి?" అన్నాడు సింహాచలం.

"జనవరిలో ఇప్పుకో. అప్పటిదాకా ప్రాక్టీసు సేయకు." అతని ముఖంలోకి చూసి, "నువ్వు ఏ బాల్ ఎప్పుడేత్తావో నాకంటే ఎవుడికీ తెల్దు. బ్యాటు పట్టుకుని ఎదురుగా నాను నిలబడతాను. మాలూమ్ హై నా?" అన్నాడు.

"మాలూమ్," అన్నాడు సింహాచలం. వాన సీజన్ అంతా అతను నిద్రపోడని నాకు అనిపించింది. బావ కూడా. ముప్ఫై నాలుగేళ్లకు పని అయిపోయిందన్న మనిషి రాత్రి భోజనం దగ్గర పప్పు గరిటెను బ్యాటులా పట్టుకున్నాడు. అత్తయ్య లాక్కుంది.

సోమవారం నా విమానం పదకొండింటికి. ఎనిమిదిన్నరకు సంచి సర్దుకుని వంటింట్లోకి వెళితే అత్తయ్య పీట మీద కూర్చుని ఆ గ్లౌజుకు కొబ్బరినూనె రాస్తోంది. ముడుల సందుల్లోకి కూడా వేలు పెట్టి రాస్తోంది. పక్కనున్న సీసా సగానికి దిగింది.

"తగ్గిస్తానన్నావు?"

"చెయ్యి జారినాదిరా," అంది తల ఎత్తకుండా.

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ఏమీ కాలేదు. విమానంలో కిటికీ సీటు దొరికింది, కింద అవే నీళ్లు, ఈసారి రెండు గంటల్లోపే. వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహాలు: ఏప్రిల్ దాటనివ్వకండి, ఓడలో ఒకసారే కక్కండి, గ్రౌండులో అడుగులు కొలిస్తే ఎవరికీ చెప్పకండి. నేను ఇక్కడ రాసేశాను, కానీ బతు బస్తీలో తెలుగు మాట్లాడినంతగా చదవరు.

ఆట ఆగిపోయిన నెలల్లో అభిమానులు ఏం చేస్తారో చూద్దామని వెళ్లాను. కబుర్లు చెప్పుకుంటారనుకున్నాను, చెప్పుకున్నారు కూడా. కానీ ఎక్కువ సేపు చేసే పని మాత్రం ఇదే. వాన పడుతుంటే ఫ్రిజ్ మీదున్నదాన్ని దించి, తడిచిందేమో తాకి చూసి, మళ్లీ పైన పెడతారు. అందులో ఒకటి ఇకమీదట ఎదుటి జట్టువాడిది. జనవరి దాకా నాకు కూడా ఇంకేం పని లేదు కాబట్టి, వారానికోసారి అత్తయ్యకు ఫోను చేసి దాని ఆరోగ్యం కనుక్కుంటున్నాను.